డెబ్భై రెండు నాటి దరువు

ఫాల్ రివర్, మసాచుసెట్స్
జనవరి 16, 1994

ఒసేయ్ ఆల్డా,

క్రిస్మస్ కార్డు మీద నాలుగు ముక్కలు గిలికి పంపిస్తే ఉత్తరం రాసినట్టేనా? ఇక్కడ మంచు మోకాళ్ల దాకా ఉంది. నేను వీధిలోకి వెళ్లేది శనివారం ఒక్కటే, అదీ మీ అక్క కొట్టుకి, జుట్టు సరిచేయించుకోడానికి. ఒడెట్ బాగానే ఉంది. కుర్చీలో కూర్చోబెట్టి ఊరి కబుర్లన్నీ నా చేత చెప్పిస్తుంది, తను మాత్రం నోరు విప్పదు. నీకు తెలిసిందేగా.

అసలు సంగతికి వస్తాను. మన పాత డ్రమ్ కోర్ కవాతు బృందాల సంఘం వాళ్లు అక్టోబర్‌లో పెద్ద విందు చేస్తున్నారు. హాలు గోడకి ఇత్తడి పలకలు బిగిస్తారట. నలభైల నుంచి ఎనభైల దాకా ఒక్కో దశాబ్దానికి ఒక్కో కోర్ పేరు. ఆ పదేళ్లలో డ్రమ్ములూ బ్యూగిల్ బూరలూ పట్టి పోటీల్లో నడిచిన వాళ్లందరిలోకీ గొప్పవాళ్లని. ఎంపిక కమిటీలో ఛైర్మన్ రూర్క్‌తో సహా అందరూ మగవాళ్లే, నేనొక్కదాన్నే ఆడదాన్ని. మా ఆయన రేమండ్ పోయాక అతని కుర్చీ నాకిచ్చారు. ఆ ముసలాళ్లతో వాదించే ముందు నీతో వాదించి నోరు సానపెట్టుకోవాలి. బస్సు వెనక సీట్లో చౌమీన్ శాండ్‌విచ్ తింటూ పోట్లాడుకునేవాళ్లం కదా, అలాగే ఉత్తరాల్లో పోట్లాడుకుందాం.

నలభైలు ఆ ముసలాళ్లకే వదిలేద్దాం. యాభైలు మాత్రం హడ్సన్ డ్రాగూన్స్‌వి. మైదానం అవతలి కొసన వాళ్ల బ్యూగిల్స్ లేస్తే నాకు ఇవతల ఒళ్లు జలదరించేది. కాదంటావా, కారణం చెప్పు.

నీ
లోరేన్

టొలెడో, ఒహాయో
ఫిబ్రవరి 9, 1994

లోరేన్ పిల్లా,

బ్యూగిల్ ఊదేదానివి, నీకు బ్యూగిల్స్ తప్ప ఏం వినిపిస్తాయి? డ్రాగూన్స్ డ్రమ్ములు ఎప్పుడైనా చెవి పెట్టి విన్నావా? మెట్ల మీంచి కుండలు దొర్లినట్టుండేవి. యాభైలు పసాయిక్ పాలడిన్స్‌వి. ఆ రోజుల్లో జడ్జి అట్ట పట్టుకుని మన పక్కనే నడిచేవాడు గుర్తుందా? కర్ర రవ్వంత ముందు పడితే గీత, రవ్వంత వెనక పడితే గీత. పాలడిన్స్ వరసంతా కలిసి వాయిస్తే ఒక్క మనిషి వాయించినట్టే ఉండేది. పెన్సిల్ చెవి వెనక పెట్టుకుని ఊరికే నడిచిన జడ్జిని నా కళ్లతో చూశాను.

అయినా బేరానికి వస్తాను. యాభైలు నీ డ్రాగూన్స్‌కి ఇస్తాను, అరవైలు నాకు ఇవ్వు. మన సిల్వర్ షటిల్స్‌కి ఇవ్వు. వేరే ఎవరికిస్తావే? మిల్లుల్లో నాడెలు తిప్పే వాళ్ల కూతుళ్లం. ప్రావిడెన్స్‌లో అబ్బాయిల కోర్‌లన్నిటినీ వెనక్కి నెట్టాం, మీ ఆయన గారి గ్రానైట్ గార్డ్స్‌తో సహా. తర్వాత రేమండ్ టోపీ చేత్తో పట్టుకుని మన బస్సు దగ్గరకి వచ్చి, డ్రమ్ములు నేర్పింది ఎవరని అడిగాడు. నువ్వు కిటికీలోంచి తల బయటపెట్టి ఒడెట్‌ని చూపించావు. మీ పెళ్లికి మా అక్కే కారణమని నేను ఇప్పటికీ అంటాను.

అక్క లేకపోతే మనం జెండాలు ఊపే పిల్లలుగా మిగిలిపోయేవాళ్లం. తప్పు వాయిస్తే జడ దువ్వే దువ్వెనతో వేళ్ల మీద కొట్టేది. నా ఎడమ చిటికెనవేలు ఇంకా మరిచిపోలేదు. రూర్క్ గారికి ఈ మాటలన్నీ నా పేరు పెట్టి చెప్పు.

నీ
ఆల్డా

ఫాల్ రివర్
మార్చి 13, 1994

ఆల్డా,

నీ బేరం ఖాయం. కమిటీలో సిల్వర్ షటిల్స్ అనగానే ఛైర్మన్ క్లెమెంట్ రూర్క్ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. ఆడపిల్లల కోర్ ముచ్చటగా ఉండేది గానీ, అని మొదలుపెట్టాడు. ముచ్చటేమిటి, ప్రావిడెన్స్‌లో మీ అబ్బాయిలు మా వెనక నిలబడ్డారు కదా అన్నాను. కళ్లజోడు మళ్లీ పెట్టుకుని కాగితాలు సర్దుకున్నాడు. సాధిస్తాను, నా పూచీ.

ఇక డెబ్భైలు. ఇందులో వాదనే లేదు. గ్రానైట్ గార్డ్స్, డెబ్భై రెండు. రేమండ్ భార్యని గనక అంటున్నాననుకోకు. ఆ ఏడు అతను కట్టిన డ్రమ్ముల దరువు విని బోస్టన్‌లో జనం సగంలోనే లేచి నిలబడ్డారు. తర్వాత దేశంలో ఏ కోర్ విన్నా అందులోంచి ఒక తునక వినిపించేది. ఆ దరువు వల్లే అతన్ని జడ్జిగా పిలిచారు, ఊరూరా పిల్లలకి నేర్పడానికి పిలిచారు. అంత్యక్రియలప్పుడు గార్డ్స్ వాళ్లు పూలతో 'డెబ్భై రెండు' అని పేర్చి పెట్టె మీద ఉంచారు. డెబ్భై రెండు నాటికి నువ్వు ఒహాయోలో పిల్లల్ని పెంచుకుంటున్నావు, వినలేదు. నా మాట నమ్ము.

నీ
లోరేన్

టొలెడో
ఏప్రిల్ 20, 1994

లోరేన్,

నేను వినకపోవడానికి కారణం పిల్లలు కాదు. అరవై తొమ్మిదిలో డబ్బిచ్చే పెద్దలు మనకి హాలు ఇక ఇచ్చేది లేదని చెప్పి, మన కోర్ మూయించి, మన డ్రమ్ములు పట్టుకెళ్లి గార్డ్స్ అబ్బాయిలకే ఇచ్చారు. ఆ తర్వాత నాకు ఆ పేరు వింటేనే ఒళ్లు మండేది. నువ్వు ఆ ఇంటి కోడలివి, నీతో ఈ మాట ఎప్పుడూ అనలేదు. అక్క అయితే ఆ మర్నాటి నుంచీ కర్రలు ముట్టుకోలేదు.

కానీ వినకుండా ఓటు వేయడం నా వల్ల కాదు. కోపం ఉన్నా సరే, బాగుంటే బాగుందంటాను. రేమండ్ దగ్గర క్యాసెట్ ఉండే ఉంటుంది, ఒకటి తీయించి పంపు.

ఆదివారం ఫోన్లో అక్కని అడిగాను, డెబ్భై రెండులో గార్డ్స్ ఎలా వాయించారని. బాగానే వాయించారు అంది. అని, టొలెడోలో మంచు కరిగిందా అని అడిగింది. అక్కకి ఒక కోర్ గురించి చెప్పడానికి అంతేనా మాటలు? వయసు మీద పడుతోందేమో అనిపించింది.

నీ
ఆల్డా

ఫాల్ రివర్
మే 22, 1994

ఆల్డా,

ఆలస్యమైంది, ఏమీ అనుకోకు. క్యాసెట్ల సంగతి ఏం చెప్పను, ఇంటి కింద గదిలోకి నీళ్లు వచ్చి చాలా పాడైపోయాయి. వెతుకుతాను.

ఎనభైల గురించి నువ్వేమంటావు? కాలిఫోర్నియా వాళ్లని తప్పించుకోలేం. గోల్డెన్ మెసా అంటాను నేను. కవాతు చేశారా, నాట్యం చేశారా తెలియలేదు, కానీ కళ్లు తిప్పుకోలేకపోయాను. నాకు నచ్చనిది ఒక్కటే. మోస్తూ నడవలేని వాద్యాలన్నీ తెచ్చి మైదానం ముందు దుకాణం పెట్టినట్టు పెట్టారు. పక్కన నడిచి గీతలు పెట్టే జడ్జి కూడా లేడు ఇప్పుడు, అందరూ పైన కూర్చుని మంచి మాటలు రాస్తారు. రేమండ్ దానికి చాలా బాధపడ్డాడు. తప్పు పట్టేవాడు లేకపోతే తప్పు చేయకుండా వాయించినవాడికి విలువేమిటి అనేవాడు.

చిన్న సాయం కావాలి. డెబ్భైల దగ్గర కమిటీ రెండుగా చీలింది. న్యూ హాంప్‌షైర్ ఆయన ఒకడు వేరే కోర్ పేరు పట్టుకుని వదలడం లేదు. స్నేర్ డ్రమ్ వాయించినదానివి, నీ మాటకి బరువుంటుంది. 'రేమండ్ తీబో కట్టిన దరువు ఆ దశాబ్దానికే తలమానికం' అని కమిటీకి నాలుగు వాక్యాలు రాసి పంపు. నువ్వు రాస్తే రూర్క్ కాదనడు. షటిల్స్ కోసం నేను అంత పోట్లాడుతున్నాను కదా.

నీ
లోరేన్

టొలెడో
జూన్ 12, 1994

లోరేన్,

నువ్వు చెప్పినట్టే కమిటీకి రాసి పంపాను. వినకుండా రాయడం ఇదే మొదలు. నీ మాట మీద రాశాను. మా చర్చిలో వెర్నన్ అని ఒకాయన ఉన్నాడు, సిటీ బస్సు నడిపి రిటైరయ్యాడు. ఇంటినిండా కోర్‌ల రికార్డులే. భార్య పడుకోడానికి చోటుందో లేదో గానీ రికార్డులకి మాత్రం ఉంది. బోస్టన్ డెబ్భై రెండు ఆయన దగ్గర ఉందట, తెచ్చి వినిపిస్తానన్నాడు. కాబట్టి నువ్వు కింద గదిలో బురదలో వెతకక్కర్లేదు.

ఎనభైలు గోల్డెన్ మెసాకే ఇచ్చెయ్యి. నా కూతురు కూడా అదే అంది.

నీ
ఆల్డా

టొలెడో
జులై 5, 1994

లోరేన్,

వెర్నన్ నిన్న రికార్డు తెచ్చాడు. నేను బఠానీలు ఒలుస్తూ కూర్చున్నాను. సూది పెట్టాడు. మొదటి వరుస ఎడమ చేత్తో మొదలైంది. ఎడమ చెయ్యి ముందు వేసేది నాకు తెలిసి ఒక్క మనిషే. సరే, లోకంలో ఎడమచేతి వాటం వాళ్లు చాలామంది ఉంటారు అనుకున్నాను. వేగం పెరిగింది. పెరిగి పెరిగి, సరిగ్గా అందరూ ఊపులో ఉన్నచోట అన్ని డ్రమ్ములూ ఠక్కున ఆగిపోయాయి. నిశ్శబ్దంలో పెద్ద డ్రమ్ము రెండు దెబ్బలు. మళ్లీ అంతా అందుకున్నారు. వెర్నన్ కుర్చీలో ముందుకి జరిగి, "ఇదే, ఈ రెండు దెబ్బలకే జనానికి పిచ్చెక్కింది" అన్నాడు.

గిన్నె నా ఒళ్లోంచి జారిపోయింది. ముసలాయన నేలంతా వెతికి బఠానీలు ఏరాడు.

అరవై ఎనిమిది వేసవిలో నేను పసిపిల్లని తీసుకుని ఇంటికొచ్చాను. అక్క వంటింటి బల్ల మీద షటిల్స్‌కి కొత్త దరువు కడుతోంది. మా పైఅంతస్తులో సూజా గారు మిల్లులో రాత్రి పని చేసి వచ్చి పగలు పడుకునేవాడు. చప్పుడు భరించలేక బూటు తీసి నేల మీద రెండు దెబ్బలు కొట్టాడు. అక్క ఆపేసి నవ్వింది. మర్నాడు అదే చోటుకి రాగానే తనంతట తనే ఆగి, పైకప్పు వైపు చూసి ఎదురుచూసింది. దబ్ దబ్ అని కొట్టాడు. ఈ రెండూ పెద్ద డ్రమ్ముకి ఇచ్చేస్తాను అంది. చివర ఇంకా కుదరలేదు, వచ్చే ఏడాదికి కుదురుతుంది అంది. వచ్చే ఏడాదికి మన కోరే లేదు.

ఆ రెండు దెబ్బలూ రేమండ్‌కి ఎలా తడతాయి? మీ ఇంటి పైన ఎవరూ ఉండేవాళ్లు కాదు.

ఆ వేసవి నువ్వు కూడా మా వంటింట్లో కూర్చుని కేల్ ఆకుల సూప్ తాగావు. సూజా గారి బూటుకి నాతో పాటు నువ్వూ నవ్వావు. అయినా అడుగుతున్నాను. ఆ దరువు ఎవరిదో నీకు తెలియదని ఒక్క మాట రాయి. నమ్ముతాను.

ఆల్డా

ఫాల్ రివర్
ఆగస్టు 14, 1994

ప్రియమైన ఆల్డాకి,

ఇదివరకు రాసినవి చించేశాను. ఇది చించకుండా పోస్టు చేస్తాను.

ఒడెట్ ఇచ్చింది. నువ్వు అనుకున్నట్టు దొంగతనం కాదు. తనే మా ఇంటికి వచ్చి కూర్చుని రేమండ్‌కి ముక్క ముక్కా నేర్పింది. ఆడది కట్టిందని తెలిస్తే గార్డ్స్ అబ్బాయిలు కర్ర ఎత్తేవాళ్లా? డబ్బిచ్చే పెద్దలు ఊరుకునేవాళ్లా? ఆ రోజులు నీకు తెలియవా? గెలిచాక పేరు చెబుదాం అన్నాడు రేమండ్. బోస్టన్‌లో మైకులో అతని పేరు చదివారు. జనం లేచి నిలబడ్డారు. ఆ నిమిషాన ఎలా చెబుతాడు? ఆ నిమిషం దాటిపోయాక మర్నాడు ఎలా చెబుతాడు? పిలుపులు మొదలయ్యాయి. ఇల్లు గడిచింది, పిల్లలు చదువుకున్నారు. అతను మంచివాడని నీకూ తెలుసు.

పైగా చివర మాత్రం రేమండ్‌దే. ఒడెట్ చివర అబ్బాయిల చేతులకి లొంగలేదు. జనం లేచింది ఆ చివరకే. అంచేత అతనిది కాదనడానికి వీల్లేదు. నీకు చెప్పొద్దని కూడా ఒడెట్టే అంది, నేను కాదు.

ఇంకో సంగతి. కమిటీ మన షటిల్స్‌ని ఒప్పుకుంది. అరవైల పలక మీద మన పేరు. ఇంకా చెక్కడానికి ఇవ్వలేదు. ఇప్పుడు నువ్వు డెబ్భైలు కదిపితే వాళ్లు అన్నీ తిరగతోడతారు, అరవైలూ పోతాయి. ఆలోచించుకో. పోయినవాడు వచ్చి జవాబు చెప్పుకోలేడు.

నీ
లోరేన్

టొలెడో
సెప్టెంబర్ 18, 1994

లోరేన్,

నేను ఫాల్ రివర్ వచ్చి వెళ్లాను. అక్క దగ్గరే ఉన్నాను. మీ వీధి మలుపు దాకా వచ్చి వెనక్కి తిరిగిపోయాను.

మధ్యాహ్నం కొట్టులో ఎవరూ లేనప్పుడు అడిగాను. అక్క తువ్వాళ్లు మడతపెడుతోంది. ఇచ్చావా అన్నాను. ఇచ్చాను అంది. ఎందుకిచ్చావు అంటే, "వాయించే పిల్లలు లేకుండా దరువు ఒళ్లో పెట్టుకుని ఏం చేసుకోను?" అంది. రేమండ్ మీద అక్కకి పెద్ద కోపం లేదు. చెబుతానన్నాడు, చెప్పలేదు, పిరికివాడు అని ఊరుకుంది. నేను అంతటితో వదిలేసేదాన్నేమో. ఇంకో తువ్వాలు తీసి మడతపెడుతూ అక్క బోస్టన్ సంగతి ఎత్తింది. నువ్వు నాకు రాయని సంగతి.

"స్టాండులో లోరేన్ నా పక్కనే కూర్చుంది. దరువు మొదలవగానే నా చెయ్యి పట్టుకుంది. మైకులో రేమండ్ పేరు చదివారు. నా చెయ్యి వదిలింది. ఇప్పుడు లేచి చెబుతుంది అనుకున్నాను. లేచింది, చప్పట్లు కొట్టడానికి."

అప్పటి నుంచీ ప్రతి శనివారం నీ తల కడుగుతోంది. నువ్వు కళ్లు మూసుకుని ఉంటావు కదా, ఇవాళ ఆ మాట అంటుంది, ఇవాళ అంటుంది అని మొదట్లో చూసేదట. తర్వాత చూడటం మానేసిందట. మరి ఇంకా ఎందుకు కడుగుతున్నావే అని అడిగాను. "ఈ ఊళ్లో నన్ను డ్రమ్ముల మనిషిగా ఎరిగినది అదొక్కతే మిగిలింది" అంది. నా దగ్గర ఎందుకు దాచావంటే, "చెబితే నువ్వు లోరేన్‌ని వదిలేస్తావు, నీకు ఈ ఊళ్లో స్నేహితురాలు కూడా లేకుండా పోతుంది" అంది. నాకు అక్క మీదా కోపం వచ్చింది. మీ ఇద్దరూ నాకు తెలియని ఒక ఇల్లు కట్టుకుని అందులో కాపురం ఉన్నారు. నేను బయట నిలబడి ఇన్నేళ్లూ ఇద్దరికీ క్రిస్మస్ కార్డులు పంపుకున్నాను.

జనం లేచింది రేమండ్ చివరకే అని రాశావు. సగంలోనే లేచారని మార్చిలో రాసినది నువ్వే. సగం దగ్గర ఏముందో మనిద్దరికీ తెలుసు.

నన్ను బాధించింది అదీ కాదు. ఆ దరువు మా అక్కదని తెలిసీ, అది రేమండ్‌దని నా చేత రాయించి, కింద నా సంతకం పెట్టించుకున్నావు. బోస్టన్‌లో నువ్వు చప్పట్లు కొట్టావు. ఇప్పుడు నా చేత కొట్టించావు.

అరవైల పలక పోతుందని అక్కకి చెప్పాను. మన పిల్లల పేరు గోడకి ఎక్కదు, రాయనా వద్దా అన్నాను. రాయి అంది. రూర్క్ గారికి నిన్న పోస్టు చేశాను. నా మొదటి ఉత్తరం వెనక్కి తీసుకున్నానని, దరువు ఒడెట్ ఫుర్టాడోదని, అనుమానముంటే నీ భర్త స్థానంలో కూర్చున్న ఆవిడని అడగమని రాశాను. నీ పక్కనే కూర్చుంటాడు కదా, అడుగుతాడు. నువ్వు నిజం చెబితే చాలు, ఇంకేమీ అడగను.

ఆల్డా

ఫాల్ రివర్
అక్టోబర్ 30, 1994

ఆల్డా,

విందు అయిపోయింది. నువ్వు రాలేదు, ఒడెట్ రాలేదు.

రూర్క్ నీ ఉత్తరం కమిటీలో పైకి చదివాడు. చదివి నా వైపు తిరిగి, "నిజమేనా లోరేన్?" అని అడిగాడు. అందరూ నా మొహమే చూస్తున్నారు. ఎదురుగా గోడకి రేమండ్ ఫోటో ఉంది, జడ్జి కోటు వేసుకున్నది. నాకు తెలియదు అన్నాను. అది అబద్ధమే.

మిగతాది నువ్వు ఊహించగలవు. ఆల్డాకి పాత డ్రమ్ముల మీద పగ చల్లారలేదన్నారు. ఆడపిల్లల కోర్‌కి పలక ఇస్తే ఈ తగువు హాల్లోకి వస్తుందని అరవైలు పాలడిన్స్‌కి ఇచ్చారు. డెబ్భైలు గార్డ్స్‌కి, కింద రేమండ్ పేరుతో. నేను వద్దనలేదు. విందులో నా కొడుకూ మనవలూ ముందు వరసలో కూర్చుని ఉన్నారు. తెర తీసినప్పుడు అందరూ లేచారు. నేను కూడా లేచాను.

శనివారం కొట్టుకి వెళ్లాను. ఒడెట్ ఎవరికో జుట్టు చుడుతోంది. తల తిప్పకుండానే, "ఇక కుదరదు లోరేన్, వేరే చోట చూసుకో" అంది. గట్టిగా కూడా అనలేదు. గుమ్మంలోంచే వెనక్కి వచ్చేశాను.

మా అమ్మ పోయినప్పుడు నువ్వు ఇద్దరు పిల్లల్ని చంకనేసుకుని టొలెడో నుంచి బస్సులో వచ్చావు. నీ కూతురి పెళ్లి గౌను నేను కుట్టాను. ఇన్నేళ్ల మనిషిని ఒక్క దరువు కోసం వదిలేస్తావా? తిట్టైనా తిడుతూ రాయి.

నీ
లోరేన్

టొలెడో
నవంబర్ 27, 1994

లోరేన్ తీబో గారికి,

మీ ఉత్తరం అందింది. తిట్టడానికి నా దగ్గర ఏమీ మిగల్లేదు. జనవరిలో మొదలుపెట్టిన వాదన మధ్యలో వదిలేయడం నాకు ఇష్టం లేక, అది పూర్తి చేయడానికి మాత్రం రాస్తున్నాను.

డెబ్భైలకి నా ఓటు గ్రానైట్ గార్డ్స్‌కే. ఆ రికార్డు వెర్నన్ చేత మళ్లీ మళ్లీ పెట్టించుకుని విన్నాను. వంక పెట్టాలని కూర్చుని విన్నాను, దొరకలేదు. ఆ అబ్బాయిలు వాయించినంత బాగా మన పిల్లలు వాయించి ఉండేవాళ్లు కాదు. నేనూ వాయించలేను. ఆ దశాబ్దంలో అంతకన్నా గొప్పగా ఎవరూ వాయించలేదు. మీరు మార్చిలో రాసినది ఆ ఒక్క విషయంలో నిజమే. అంత బాగా వాయించిన దరువు ఎవరిదో ఒక్క నోరు చెప్పి ఉంటే సరిపోయేది. ఆ నోరు మీది. రెండుసార్లు అవకాశం వచ్చింది.

థాంక్స్‌గివింగ్‌కి మా అక్క ఇక్కడికి వచ్చింది. ఫాల్ రివర్‌లో కొట్టు అమ్మేస్తోంది. వెర్నన్ ఇంటికి తీసుకెళ్లాను. బోస్టన్ రికార్డు వింటారా అని ఆయన భయపడుతూ అడిగాడు. వింటానంది. కోటు కూడా విప్పకుండా కుర్చీ అంచున కూర్చుని వింది. సూజా గారి దెబ్బల దగ్గర చిన్నగా నవ్వింది. చివరకి వచ్చేసరికి మొహం చిట్లించింది.

"ఇక్కడ రేమండ్ కంగారుపడ్డాడు. చప్పట్ల కోసం తొందరగా ముగించేశాడు," అంది.

మరి నీ చివర ఎలా ఉండేది అని అడిగాను. వెర్నన్ దగ్గర తాళ్లతో బిగించే పాత డ్రమ్ము ఒకటి ఉంది. దాన్ని మోకాళ్ల మధ్య పెట్టుకుంది. కాసేపు వేళ్లు కదలలేదు, చేతులకి వాతం. తర్వాత కదిలాయి. మొదటిసారి తడబడింది, ఆపింది, మళ్లీ మొదటి నుంచి ఎత్తుకుంది. రెండోసారి చివరి దాకా వాయించింది. వెర్నన్ భార్య వంటగదిలోంచి వచ్చి గుమ్మం పట్టుకుని నిలబడిపోయింది.

ఆ చివర ఎలా ఉందో మీకు రాయను.

ఇట్లు
ఆల్డా బ్రాండ్